థర్మాకోల్ సింహం

మబ్బు పట్టిందంటే చాలు, నేను గుమ్మంలోకి వచ్చి నిలబడతాను. గుట్ట మీద జూబ్లీహిల్స్‌లో ఉండేవాళ్ళకి వానంటే బాల్కనీ, అల్లం టీ, ఫోన్‌లో ఒక వీడియో. గుట్ట కింద ఫిల్మ్‌నగర్ సందుల్లో ఉండే మాకు, పైన పడిన ప్రతి చుక్కా మా గుమ్మం ముందు నుంచే పోవాలి. పోతే మంచిదే. పోకపోతేనే భయం. ఇది నాకు పుట్టుకతో వచ్చిన భయం కాదు. నేను సముద్రం ఒడ్డు ఊళ్ళో, తుఫాన్లు చూస్తూ పెరిగినదాన్ని. ఈ భయం నన్ను పట్టుకుంది ఇక్కడే, మా సందులో, మోకాలి లోతు నీళ్ళలో.

మాది సినిమా సెట్లకి బొమ్మలు చేసే షెడ్డు. మా ఆయన థర్మాకోల్ దిమ్మెల్ని వేడి తీగతో కోసి, కత్తితో చెక్కి, స్తంభాలు, ఏనుగులు, ద్వారపాలకులు చేస్తాడు. వాటి మీద గుడ్డ అతికించి, రంగులేసి, రాయిగా మార్చేది నేను. గొప్పలు పోతోందనుకుంటే అనుకోండి, నా చేయి పడ్డాక పక్కనే నిలబడి చూసినవాడు కూడా నల్లరాయి అనే అనుకోవాలి. సెట్టు చూడటానికి వచ్చిన పెద్దమనుషులు వేలితో కొట్టి చూసి "అరె!" అంటారు. ఆ "అరె" వింటే నాకు కడుపు నిండిపోతుంది.

కోసేటప్పుడు రాలే పొట్టు మాత్రం మా ప్రాణాలు తోడేస్తుంది. తెల్లటి పూసలు, ఆవగింజంతవి, జొన్నగింజంతవి. చీపురు పెడితే ఎగురుతాయి, తడిగుడ్డ పెడితే అంటుకుంటాయి. జడలో అవే, దుప్పట్లో అవే, పప్పుగిన్నెలో అవే. పొట్టు ఒక ఎత్తయితే, సెట్టు విప్పేశాక వెనక్కొచ్చే విరిగిన ముక్కలు ఇంకో ఎత్తు. పాత సామాన్ల బండివాడు ఇనుము తీసుకుంటాడు, అట్టలు తీసుకుంటాడు, ఖాళీ నీళ్ళ సీసాలు కూడా తీసుకుంటాడు. థర్మాకోల్ చూస్తే మాత్రం బండి ఆపడు. అందుకని మా సందులో షెడ్లవాళ్ళందరిదీ ఒకటే పద్ధతి. ముక్కలన్నీ వెనకున్న మురుగు నాలా గట్టు మీదకి తోసేసి, వాన కోసం చూడటం. షూటింగుల్లో రెండు గుక్కలు తాగి వదిలేసిన సీసాలు, టిఫిన్ ప్లేట్లు, రంగు డబ్బాల మూతలు, అన్నీ అక్కడికే చేరేవి.

"ఏవండీ, గట్టు నిండిపోయింది. ఏం చేద్దాం?" అని అడిగితే మా ఆయన తల కూడా ఎత్తేవాడు కాదు. షేక్‌పేటలో పుట్టిన మనిషి, ఆ నాలాని చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాడు.

"ఏం ఫికర్ జెయ్యకు. ఒక్క మంచి వాన గొడితె గదే పోతది."

నిజంగానే పోయేది. వాన వెలిసిన మర్నాడు చూస్తే గట్టు ఖాళీ. జీతం అడగని మనిషి ఎవరో వచ్చి ఊడ్చిపెట్టి పోయినట్టుండేది. ఎక్కడికి పోయిందని అడిగే తీరిక సందులో ఎవరికుంది?

ఆ భయం పట్టుకున్న యేడు, వానల ముందు పెద్ద కోట సెట్టు ఒకటి విప్పేశారు. బురుజులు, గోడలు, తోరణాలు లారీల్లో వెనక్కొచ్చాయి. పనికొచ్చేవి ఏరుకోగా మిగిలిందంతా గట్టు మీద మనిషెత్తు పేరుకుంది. అందులో ఒక సింహం మాత్రం చెక్కు చెదరకుండా దొరికింది. నడుమెత్తు సింహం. నేను వేసిన రంగుల్లో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు. పారేయడానికి మనసొప్పక షెడ్డు గుమ్మం పక్కన పెట్టుకున్నాను. సందులో పిల్లలు దాని మీద ఎక్కబోతే "దిగండ్రా, విరుగుతుంది!" అని అరిచేదాన్ని. సందు మొదట్లో కిరాణా కొట్టు నడిపే పెద్దాయన ఉన్నాడు, మా ఆయన ఆయన్ని కాకా అంటాడు, నేను మామయ్యా అంటాను. ఆయన కొట్టులోంచే వెక్కిరించేవాడు. "రాయి అంటివి గదనె కోడలా, మల్ల గెట్ల ఇరుగుతది?"

ఆ రోజు మా అమ్మాయి స్కూలు నుంచి అటే షేక్‌పేటలో ట్యూషన్‌కి వెళ్ళింది. అప్పుడు ఏడో తరగతి. సాయంత్రం వాన పట్టుకుంది. ఏం వాన అది! రేకుల మీద పడుతుంటే పక్కనున్న మనిషి మాట వినిపించదు. పైనుంచి, గుట్ట మీది రోడ్ల నుంచి, ఎర్రటి నీళ్ళు మా సందులోకి దూకుతున్నాయి. మామూలుగా అయితే ఆ నీళ్ళు షెడ్డు వెనక నాలాలో కలిసి, నాలా మీద కట్టిన తూము కిందుగా పోవాలి. ఆ తూముకి అడ్డంగా ఇనుప జాలీ ఉంది. మా కోట మొత్తం పోయి ఆ జాలీకి అడ్డం పడింది. బురుజులు, గోడలు, వాటి వెనక సీసాలు, ప్లేట్లు, కవర్లు. నీళ్ళకి దారి లేక వెనక్కి తిరిగి సందులోకే ఎక్కుతున్నాయి.

మా సందుల్లో నీళ్ళు నిలిస్తే చేసే పని ఒకటే. రోడ్డు మీది మ్యాన్‌హోల్ మూత లేపేస్తారు. నీళ్ళు అందులోకి దిగిపోతాయి. ఎవరూ పడకుండా గుర్తుకి ఒక చెట్టుకొమ్మో, విరిగిన కుర్చీయో పెడతారు. మా ఆయన గడ్డపార పట్టుకెళ్ళి, సందులో సగం దూరాన, పచ్చ గేటు ముందు, గోడ వారనున్న మూత లేపాడు. అప్పటికి నీళ్ళు చీలమండల దాకానే ఉన్నాయి. గుర్తుకి ఏం పెట్టాలా అని చుట్టూ చూసి, నా వైపు అరిచాడు.

"గది తే!"

"దేన్నండీ?"

"సింహాన్ని. ఎత్తుగున్నది, దూరంకెళ్ళి కనిపిస్తది."

"రంగు పోతుందండీ!" అన్నాను.

రంగు పోతుందన్నాను గానీ, తేలిపోతుందని నా నోట రాలేదు. ఆయన నోటా రాలేదు. అది రాయి అని ఊరందరినీ నమ్మిస్తూ నమ్మిస్తూ, ఆ గాభరాలో మేమే నమ్మేశాం. మా ఆయన దాన్ని చంకలో పెట్టుకుని పోయి, గుంత పక్కన నిలబెట్టి, కాళ్ళకి అడ్డంగా ఇటుకలు ఆనించాడు. చంకలో పెట్టుకుని పోయాడండీ! అయినా మాకు తట్టలేదు.

"కాకా, సింహం దిక్కు ఎవర్నీ రానియ్యకు. గాడ మూత తీసిన" అని కొట్టాయనకి కేకేసి చెప్పాడు.

"నేను జూస్కుంట, నువ్వు పో" అన్నాడాయన.

మా ఆయన, పక్క షెడ్లవాళ్ళు జాలీ దగ్గర ముక్కలు లాగడానికి వెనక్కి పరిగెత్తారు. నేను లోపలికి పోయి రంగు డబ్బాలు అటక మీదకి ఎక్కించుకుంటున్నాను. ట్యూషన్ మేడమ్‌కి ఫోన్ చేస్తే, పిల్లలు బయల్దేరి చాలాసేపయిందని చెప్పింది. బయటికొచ్చి చూస్తే నీళ్ళు షెడ్డు రెండో మెట్టు దాటేశాయి. ఇంతలో సందు మొదట్లో మా అమ్మాయి ఎర్ర గొడుగు కనిపించింది. హమ్మయ్య, వచ్చేసింది నా తల్లి, అనుకున్నాను.

కొట్టాయన ముందుకొంగి దానికేదో చెబుతున్నాడు. చెయ్యెత్తి సింహాన్ని చూపిస్తున్నాడు. అది బుద్ధిగా తలూపింది. గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని, సింహానికి వీలైనంత దూరంగా, అవతలి గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. నీళ్ళు దాని మోకాళ్ళ పైకొచ్చాయి. నేను మెట్టు మీద నిలబడి, సింహాన్ని చూస్తూ, ఎంత బుద్ధిమంతురాలో అనుకుంటున్నాను. అప్పుడు నా కళ్ళు ఆటో మీద పడ్డాయి.

సింహం ఆటో పక్కన ఉంది. ఆటో ఎప్పుడూ పచ్చ గేటుకి ఎదుటి వరసలో ఆపి ఉంటుంది. మా ఆయన సింహాన్ని పెట్టింది పచ్చ గేటు ముందు.

పై ప్రాణాలు పైనే పోయాయి నాకు. సింహం తేలిపోయింది. తేలుకుంటూ వచ్చి ఆటోకి ఆనుకుని నిలబడింది, నిజం రాయిలా, నిఠారుగా. మా అమ్మాయి దాన్ని తప్పించుకుంటూ సరిగ్గా గుంత వైపే నడుస్తోంది.

"ఆగు! ఆగవే!" గొంతు చించుకుని అరిచాను. రేకుల మీద వాన. నా కేక నాకే వినబడలేదు. రెండు చేతులూ ఎత్తి ఊపాను. అది నన్ను చూసింది. అమ్మ కంగారుపడుతోంది, త్వరగా రమ్మంటోంది అనుకుందేమో, తనూ చెయ్యి ఊపి అడుగులు పెద్దవి వేయడం మొదలుపెట్టింది. భగవంతుడా! ఆగమని ఎలా చెప్పాలి? గుంత ఎక్కడుందో నాకే ఆనవాలు తెలియడం లేదు. సందంతా ఒకటే ఎర్రనీళ్ళు.

ఇంక ఆలోచించలేదు. మెట్ల మీంచి దూకాను. కాలు జారి బోర్లా పడ్డాను. నోట్లోకి, ముక్కులోకి మురుగునీళ్ళు. మోకాళ్ళ మీద లేచి చూసేసరికి మా అమ్మాయి నిలబడిపోయి ఉంది. నేను పడటం చూసి ఆగిందది. "అమ్మా!" అని ఏడుస్తోందని మొహం చూస్తే తెలుస్తోంది. నా దగ్గరికి రాబోయింది. రెండు అరచేతులూ దాని వైపు చాచి, తల అడ్డంగా ఊపుతూ, ఏడుస్తూ, దండం పెట్టాను. కన్నకూతురికి చేతులెత్తి దండం పెట్టాను కదలొద్దని. అది బెదిరిపోయి గోడకి అతుక్కుంది.

అప్పుడు కనబడింది. మా ఇద్దరి మధ్య నీళ్ళ మీద తెల్లగా. మా షెడ్డు పొట్టే. నీళ్ళ మీద తేలుతూ వచ్చిన పూసలన్నీ ఒకచోట చేరి గిర్రున తిరుగుతున్నాయి. తిరిగి తిరిగి నడుమ లోపలికి దిగిపోతున్నాయి, మళ్ళీ కొత్తవి వచ్చి తిరుగుతున్నాయి. ఎవరో పెద్ద నోరు తెరిచి గుక్కలు గుక్కలుగా తాగుతున్నట్టు. ఆ సుడికి మా అమ్మాయికి మధ్య ఒక్క అంగ దూరం. ఇంకొక్క అడుగు వేసి ఉంటే... ఇప్పటికీ ఆ మాట పూర్తిగా అనుకోను నేను.

నా గోల చూసి కొట్టాయన దిగాడు. షట్టరు లాగే పొడుగాటి కొక్కెం కర్ర ముందు పొడుస్తూ, గోడ వెంబడే దాని వెనకకి వచ్చాడు.

"కదలకు బిడ్డా. గట్లనే ఉండు. నేనొస్తున్న" అని దగ్గరికొచ్చాక అన్నాడట. కొక్కెం దాని బడిసంచి పట్టీకి తగిలించి వెనక్కి లాగాడు. మెల్లగా, మెల్లగా, మళ్ళీ కొట్టు మెట్ల దాకా. దాని కాళ్ళు మెట్టెక్కడం చూశాకే నాకు ఊపిరాడింది. నీళ్ళలోనే కూలబడి బావురుమన్నాను.

మా ఆయన వెనక నుంచి చేతుల నిండా ముక్కలతో వచ్చాడు. జాలీ తెరుచుకుంది, నీళ్ళు తీస్తున్నాయి, అదొక ఘనకార్యం చెప్పడానికి నవ్వుతూ వచ్చాడు. నా వాలకం చూసి నవ్వు ఆగిపోయింది. నేను సింహాన్ని చూపించాను, పచ్చ గేటుని చూపించాను, అమ్మాయిని చూపించాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతుల్లోవి జారిపోయాయి. నీళ్ళలో నడుచుకుంటూ పోయి సింహాన్ని బలంకొద్దీ తన్నాడు. అది కాస్త అవతలికి జరిగి, ఊగి, మళ్ళీ నిలబడింది.

"నేనే పెట్టిన గదనే. నా చేతుల్తోని పెట్టిన" అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరం అన్నం ముట్టలేదు.

రెండ్రోజులకి మా అక్క ఫోన్ చేసింది. కృష్ణ సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లోనే దాని అత్తారిల్లు. చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. "ఏమే, మీ ఊళ్ళో వానలని టీవీలో ఒకటే చూపిస్తున్నారు, బాగున్నారా?" అని అడిగింది. జరిగిందంతా చెప్పాను. అది ఏడ్చి, మా ఆయన్ని తిట్టాల్సినవన్నీ తిట్టింది. తిట్టి తిట్టి, ఉన్నట్టుండి అడిగింది.

"థర్మాకోల్ అంటే ఆ తెల్ల పూసలేనా? టీవీల అట్టపెట్టెల్లో వస్తుంది, అది?"

"అదే. నీకెలా తెలుసు?"

"తెలియకపోవడమేంటే? వరద దిగాక మా ఒడ్డు నిండా అవేగా. ఎండేసిన చేపల్లోంచి ఏరలేక వేళ్ళు పడిపోతున్నాయి. నీళ్ళ మీద తేలుతుంటే గుడ్లనుకుని చేపలు మింగుతున్నాయి. కడుపు కోస్తే అందులోనూ అవే. ఎక్కడి దరిద్రులు పారేస్తున్నారో అని రోజూ శాపనార్థాలు పెడుతుంటాను."

మా నాలా మూసీలో కలుస్తుంది, మూసీ పోయి కృష్ణలో కలుస్తుంది. ఇది మా అమ్మాయి పుస్తకంలోనే ఉంది. మా ఆయనకి చెబితే గొణిగాడు. "నడుమ గన్ని డ్యాములున్నయ్ గద, ఆగవా?" వరదొస్తే గేట్లు ఎత్తరా ఏంటి, అన్నాను. అక్క చేతిలోని పూస మా షెడ్డుదే అని నేను చెప్పలేను. దాని మీద మా పేరు రాసుండదు. కాదని కూడా చెప్పలేను. అదే నాకు నిద్ర పట్టనివ్వలేదు.

అప్పటి నుంచి మా షెడ్డు పద్ధతి మారింది. ఏదో లోకాన్ని ఉద్ధరిద్దామని కాదు. నేను అంత మంచిదాన్నేం కాదు, ఉత్త భయస్తురాలిని. కోసేచోట చుట్టూ పాత దోమతెరలు కట్టాం, పొట్టు ఎగరకుండా. నేల తడిపి ఊడ్చి, గోనెసంచుల్లో తొక్కి మూతి కడతాం. ఆ సంచులూ, విరిగిన ముక్కలూ కొత్త బొమ్మల కడుపుల్లో కూరతాం. ఇప్పుడు మా ఏనుగుల్లో ద్వారపాలకులు ఉంటారు, ద్వారపాలకుల్లో స్తంభాలుంటాయి. చిన్న బొమ్మలకి వెదురు, కాగితం గుజ్జు, గోనె. ఆలస్యమవుతుందని ఆర్ట్ డైరెక్టర్లు విసుక్కుంటారు, విసుక్కోనీ. టీకి స్టీలు గ్లాసులు పెట్టాను. షూటింగ్‌కి పోతే నా నీళ్ళ సీసా నేనే మోసుకుపోతాను. "ఏంటమ్మా, బిందె తెచ్చుకోలేదా?" అని యూనిట్‌లో ఆటపట్టిస్తారు. నవ్వితే నవ్వండి, మీ పిల్లలు మా సందులో నడవరుగా, అంటాను. అంటే మూతులు ముడుస్తారు. కొట్టు మామయ్య పల్చటి కవర్లు ఇవ్వడం మానేశాడు. చేతులూపుకుంటూ వచ్చినవాళ్ళు సణుగుతారు. ఆ రోజు మా అమ్మాయి బడిసంచిని కొక్కేనికి తగిలించి లాగిన చేయి అది, ఎవరు సణిగినా ఆయన వినడు.

పక్క షెడ్లలో ఇద్దరు మారారు. ఒకాయన మారలేదు, ఇప్పటికీ గట్టు మీదకే తోస్తాడు. ఆయనకీ నాకూ పెద్ద గొడవే. "నీ ఒక్కదానితోని సముద్రం సాఫ్ అయితదా?" అంటాడు. కాదని నాకూ తెలుసు. అయినా మబ్బు వేసిన ప్రతిసారీ చీపురు తీసుకుని, కనబడింది కనబడినట్టు ఏరుకుంటూ జాలీ దాకా పోతాను. పోకుండా ఇంట్లో కూర్చోలేను.

మొన్న తొలి మబ్బుకి మా అమ్మాయి కూడా నాతో వచ్చింది. ఇప్పుడు నా భుజం దాటి ఎదిగింది. జాలీ దగ్గర కూర్చుని, పాల ప్యాకెట్ల మూల కత్తిరించి పారేసిన ముక్కలు, అంతంత చిన్నవి, ఓపిగ్గా ఏరుతోంది. ఏరుతూ ఏరుతూ, తలెత్తకుండానే అడిగింది.

"అమ్మా, ఆ రోజు నేను అందులో పడిపోయుంటే, నేను కూడా పెద్దమ్మ వాళ్ళ ఊరికే పోయేదాన్నా?"

ఇన్నాళ్ళూ అది ఆ రోజు ఊసే ఎత్తలేదు. మర్చిపోయిందనుకున్నాను.

"ఛీ, ఏం మాటలే అవి! నోర్ముయ్" అని కసిరాను. "మేం ఊరుకుంటామా? ఎక్కడో ఒకచోట ఆపి తీసేవాళ్ళం."

"ముక్కల్ని ఎవరూ ఆపలేదు కదమ్మా" అంది.

చినుకులు మొదలయ్యాయి. దాని చేయి గట్టిగా పట్టుకున్నాను. నొప్పి పుట్టిందేమో, "అమ్మా, వదులు" అంది. వదల్లేదు. ఏరాల్సింది ఇంకా ఉంది. రెండో చేత్తో ఏరాను.